మారుమనస్సు, తీర్పు, కృప: క్రైస్తవ పరిభాషపై ఒక పరిశీలనము

జంషెడ్‌పూరు పలుభాషల కూడలి. 1907లో టాటా ఉక్కు సంస్థ స్థాపితమై, 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలైన పిమ్మట, ఉత్తరాంధ్రమునుండి వలసవెళ్లిన తెలుగువారు అచట హిందీ, వంగ, ఒడియా భాషలవారి నడుమ స్థిరపడిరి. అట్టి పట్టణమున నొక తెలుగు క్రైస్తవుడు తన బైబిలును హిందీ బైబిలుతో సరిపోల్చినచో, మొదటనే యొక భేదము కనబడును.

గ్రీకు మూలమునందలి 'మెటనోయియా'కు హిందీలో 'మన్ ఫిరానా', తమిళమున 'మనందిరుంబుదల్' అనువాదములు. రెంటను మరలుటయే ప్రధానము. ఇది గ్రీకుకంటె, ప్రవక్తలు వాడిన 'షూబ్' అను హీబ్రూ ధాతువునకు చేరువ. తెలుగు 'మారుమనస్సు' అట్లు గాదు. మారుపేరు, మారువేషము అనుచోట్లవలె ఇచటి 'మారు' శబ్దము వేరొకటి యను అర్థము నిచ్చును. ఉన్న మనస్సు మరలుట కాదు, వేరొక మనస్సు కలుగుట. మరియు దానిని 'పొంద'వలెను. హిందీలో మనస్సును త్రిప్పువాడు మనుష్యుడే. తెలుగున నతడు గ్రహీత. 'దుఃఖము పొందె' ననునపుడు దాత నెవ్వరు వెదకుదురని ఆక్షేపింపవచ్చును. నిజమే, క్రియాపద మొక్కటే వేదాంతమును నిలుపజాలదు. కాని అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయమున దేవుడే అన్యజనులకు మారుమనస్సును దయచేసినట్లు చెప్పబడినది గనుక, తెలుగు ప్రయోగము మూలభావమునకు దూరము గాదు.

పశ్చాత్తాపము వేరు. మత్తయి 27వ అధ్యాయమున ముప్పది వెండినాణెములను తిరిగి యిచ్చిన యూదాకు గ్రీకున వేరొక క్రియ గలదు. తెలుగు బైబిలు అచట 'పశ్చాత్తాపపడి' యనియే వ్రాసినది. అతనికి తాపము కలిగినది, వేరు మనస్సు కలుగలేదు. ఇక ప్రాయశ్చిత్తము, ధర్మశాస్త్రములలో పాపి తానై యాచరింపవలసిన కర్మ. కృపను ముందుంచు మతమున కీ పదము చాలదు.

'తీర్పు' అచ్చతెలుగు మాట. తగవు తీర్చుట, అప్పు తీర్చుట ఒకే ధాతువుననుండి వచ్చినవి. మత్తయి 18వ అధ్యాయమునందలి ఉపమానమున కిది మిక్కిలి యనుగుణము. పదివేల తలాంతుల ఋణస్థుడు తీర్చలేడు. యజమానుడు కనికరించి విడిచిపెట్టెను. ఇదియే కృప. వాడు బయటికి వచ్చి, తనకు నూరు దేనారములు బాకీపడిన తోడిదాసుని చెరలో వేయించెను. అది విన్న యజమానుడు వానిని బాధపరచువారి కప్పగించెను, అప్పంతయు తీర్చువరకు.