ఉరికంబము చెంత నొక ప్రార్థన

ఎదిగిన పిల్లలున్న యిండ్లలో నొక్కొక్కప్పుడు మూసిన తలుపు వెనుకనుండి పిడుగులు పడినట్టి ధ్వని వినవచ్చుచుండును. అది సంగీతమా, సంగ్రామమా యని తల్లులు చెవులు మూసికొనుటయు, పిల్లలు నవ్వి యూరకుండుటయు మనమెరిగినదే. ఆ సంగీతమునకు హెవీ మెటల్ అని పేరు. బరువైన లోహమని యర్థము. 1970 ప్రాంతమున ఇంగ్లండులో, ముఖ్యముగా కర్మాగారములకు పేరుపొందిన బర్మింగ్‌హామ్ నగరమున, నిది రూపు దాల్చెను. ఆ మ్రోతలో నర్థమేమి కలదని యడుగు సోదరీమణులకు నే నొక్క పాటను పరిచయము చేయదలచితిని. నలువది యేండ్లకు పైగా రసికులు దానిని వినుచు, దాని భావమును గూర్చి వాదించుకొనుచు, ఇంకను తనివి చెందకున్నారు.

ఆ పాట పేరు 'హాలోడ్ బీ దై నేమ్'. నీ నామము పావనమగుగాక యని భావము. ఏసుక్రీస్తు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలోని మాట యిది. పాటను వ్రాసినవాడు స్టీవ్ హారిస్; 1975లో తూర్పు లండనులో ఐరన్ మెయిడెన్ అను బృందమును స్థాపించినవాడు. పాడినవాడు బ్రూస్ డికిన్సన్. 1982 మార్చి నెలలో వెలువడిన 'ది నంబర్ ఆఫ్ ది బీస్ట్' అను సంపుటమున నిదియే కడపటి పాట. ఏడు నిమిషములకు పైగా సాగును. ఆ సంపుటము పేరు చూచియే అమెరికాలో కొందరు మతాభిమానులు వీరిని సైతానును కొలుచువారని నిందించి రికార్డులను తగులబెట్టిరి. అట్లు మంటలపాలైన దానిలోని తుదిపాటకు ప్రార్థనావాక్యమే పేరగుట గమనింపదగిన వింత.

ఇక కథ. మరణశిక్ష పడిన యొకడు చెరసాల గదిలో నున్నాడు. గంట మ్రోగుచున్నది. అయిదు గంటలకు వానిని ఉరికంబము కడకు గొనిపోవుదురు. ఆరంభమున వాద్యములు మెల్లగా నడచును. గొంతు తగ్గుస్థాయిలో నుండును. తనకు మిగిలిన కాలము తరిగిపోవుచున్నదను మాటను గాయకుడు దీర్ఘముగా సాగదీయును. అంతట గిటారులును డోళ్ళును ఒక్కుమ్మడి విరుచుకొని పడును. అభిమానులు మిక్కిలి ముచ్చటించు ఘట్టములలో నిది యొకటి. అంతవరకు గదిలో బంధింపబడియున్న భయము తలుపు పగులగొట్టుకొని వెలువడినట్లుండును.

మతగురువు వచ్చి యంత్యకాలపు ప్రార్థన చదువును. ఇది యేదో పొరపాటు కాదుగదా, కల కాదుగదా యని యతడు తల్లడిల్లును. కన్నీరు కారును. చావునకు వెరవనివాడను, అంతము లేదని నమ్మినవాడను, నేనేల యేడ్చుచున్నానని తన్ను తానే ప్రశ్నించుకొనును. దేవుడున్నచో నన్నేల విడిచెనని యడుగును. నడచుచు నడచుచు శాంతించి, తన యాత్మ యెగిరిపోవుటకు సిద్ధముగ నున్నదనును. తుదకు పాట పేరైన యా మాటయే పెద్ద కేకగా వినబడును.

అభిమానుల వాదమంతయు నా కేకను గూర్చియే. అది శరణాగతి యనువారు కొందరు: సందేహించినవాడే చివరకు నమ్మెను. అది యెత్తిపొడుపనువారు మరికొందరు: కాపాడని దేవుని ముఖముననే వాని స్తోత్రమును విసరెను. అది ఖైదీ మాటయే కాదు, ప్రక్కన గురువు చదువు ప్రార్థనయే మన చెవిని బడుచున్నదని వేరొక పక్షము. మూడింటికిని పాటలో నాధారము దొరకుటయే దాని గొప్పతనము.

మరియొక చర్చ గలదు. చావు సమీపించినప్పుడుగాని బ్రదుకు వట్టి భ్రమయని తెలియదను భావము తుదిభాగమున వచ్చును. ఇది మెట్లెక్కకముందు పలికినదా, ప్రాణము పోయిన పిదపనా యని తర్కింతురు. 1974లో బెకెట్ అను ఇంగ్లీషు బృందము వెలువరించిన 'లైఫ్స్ షాడో' అను పాటలో నీ భావము గల పంక్తులు ముందే యున్నవి. ఈ విషయమై వ్యాజ్యము నడచి, 2018లో రాజీ కుదిరెను. అయినను ఉరికంబము క్రింద నిలిచినవాని నోట వినగా నా మాటలకు వేరు బరువు కలిగినదని యభిమానుల తలంపు.

నాకు తోచినదొకటి మనవి చేసెదను. ఖైదీ చేసిన నేరమేదో పాటలో నెక్కడను లేదు. దోషియో నిర్దోషియో తెలియదు. ఇంగ్లండులో 1964 తరువాత నెవరిని ఉరితీయలేదు; కనుక నిది నాటి వార్తను జూచి వ్రాసినది కాదు. నేరము చెప్పకపోవుటచేతనే యా గది యందరి గదియైనది. పుట్టిన ప్రతివానికిని తీర్పు చెప్పబడియే యున్నది. గంట యెప్పుడో తెలియదు, అంతియే భేదము. మన పరీక్షిన్మహారాజునకు ఏడుదినముల గడువు తెలిసెను; చెంత శుకయోగి కూర్చుండెను. పోతనగారి గజేంద్రుడును మొసలిపట్టున చిక్కి, దేవుడు గలడో లేడోయని శంకించిన పిదపనే మొరపెట్టెను. ఈ ఖైదీకి చెప్పువాడు లేడు, శంకయే తోడు. నమ్మినవానికిని కన్నీరు వచ్చునని యొప్పుకొనుటలో నెంత సత్యమున్నదో ఆప్తులను పోగొట్టుకొన్న వారెరుగుదురు.

2001లో బ్రెజిల్ దేశపు రియో నగరమున నీ బృందము పాడినప్పుడు ధ్వనిముద్రణము చేసిరి. అందు వినుడు: ఒంటరిగా చావబోవువాని మాటలను జనసముద్రము గొంతు కలిపి పాడుచున్నది. గదిలో నొక్కడనుకొన్న భయము ఇందరిదని తెలిసినప్పటి యుల్లాసమది. యౌవనమున వేగమునకై విని, వయసు మళ్ళిన పిదప తొలి గంటల కొరకు వినువారును గలరు. సోదరీమణులారా, మీ యింట నీ పాట వినబడినచో ఒక్కసారి ప్రక్కన గూర్చుండి, ఆ కడపటి కేక నమ్మకమా, నిష్ఠూరమా యని పిల్లలనడుగుడు. చావును గూర్చి తల్లీబిడ్డలు మాటలాడుకొనుట కింతకన్న సులభమైన త్రోవ తరచుగా దొరకదు.