మీకు తెలుసా? పోలండ్ రాజుకు వర్నాలో స్మారకం

1444 నవంబరు 10న, నేటి బల్గేరియాలోని వర్నా దగ్గర ఆటోమన్ సేనలతో పోరాడుతూ పోలండ్ రాజు మూడో వ్లాదిస్వాఫ్ నేలకొరిగాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లే! అతని దేహం దొరకనేలేదు. దాదాపు ఐదు శతాబ్దాల తర్వాత, 1935లో, ఆ యుద్ధభూమిలోని ఒక ప్రాచీన థ్రేసియన్ సమాధి దిబ్బ మీద అతనికి స్మారకం వెలిసింది. పరాయి రాజును ఇంతగా గుండెల్లో పెట్టుకోవడం నిజంగా అరుదు.

ఆ రోజుల్లోనే పోలండ్, బల్గేరియాల మధ్య ఆయుధ వ్యాపారమూ సాగింది. బల్గేరియాకు యుద్ధ విమానాలు ఉండకూడదని 1919 నాటి న్యూయీ సంధి కట్టడి చేసింది. 1938లో సలోనికా ఒప్పందం కుదిరేదాకా ఆ ఆంక్ష తొలగలేదు. అయినా 1937లోనే పోలండ్ తయారీ పీజడ్ఎల్ పీ.43 బాంబర్లు బల్గేరియాకు చేరాయి. పోలండ్ సొంత బాంబర్ 'కరాస్'లోని ఇంజన్ బ్రిటిష్ లైసెన్సుది. ఆ ఇంజన్‌ను బయటి దేశాలకు అమ్మే వీల్లేదు. అందుకే ఫ్రెంచ్ నోమ్-రోన్ ఇంజన్ బిగించి, బల్గేరియా కోసమే పీ.43 రకాన్ని రూపొందించారు. 1939 సెప్టెంబరులో జర్మనీ దండెత్తేసరికి బల్గేరియా ఇచ్చిన రెండో ఆర్డరులోని కొన్ని విమానాలు ఇంకా పోలండ్‌లోనే ఉండిపోయాయి.