ముహూర్తమునకు ఆరని కప్పు

తూర్పు కనుమల పాదమున, మన్యమునకు వాకిలివలె వెలసిన నర్సీపట్నమున, నైరృతి ఋతుపవనపు వానలు వెనుదీసినను బంగాళాఖాతపు వాయుగుండములు ఆశ్వయుజ కార్తికములందు మరల మబ్బు పట్టించుచుండుటచేతను, అవి తొలగినంతనే చింతపల్లి, లంబసింగి కొండల చలి ఇండ్లకు దిగుచుండుటచేతను, క్రొత్తగా గట్టిన యింటిలోని తడి మనము తలచినంత త్వరగా ఆరదు.

అయినను ఇల్లు కట్టించువారు దినములు లెక్కించునది తడి యారుటకు గాదు, గృహప్రవేశమునకు. ఆషాఢము శూన్యమాసము గనుక జ్యేష్ఠమునందే పని ముగియవలెనని మేస్త్రిని తొందరపెట్టుదుము. స్నానాల గది కప్పునకు ప్లాస్టరింగు ముగిసిన పది దినములకే రంగులవారు నిచ్చెన వేయుదురు. ముహూర్తమునాటికి కప్పు పాలవలె మెఱయును. వానకాలము గడచులోపల ఆ కప్పుననే పొక్కులు లేచి, తెల్లని ఉప్పు పేరి, మూలలందు నల్లని బూజు ప్రాకి, రంగు పెచ్చులుగా ఊడి నీళ్ళ బకెట్టులో రాలును. అప్పుడు రంగును నిందింతుము. కాని రంగు నెమ్మునకు ఔషధము కాదు. నెమ్మును లోపలనే బంధించి మూతవేసినది మన తొందరయే.

మన పెద్దలకు ఈ చిక్కు లేకుండెను. పెరటిలో, నూతి చప్టాపైన, తడికల చాటున స్నానము చేసెడివారికి ఆకాశమే కప్పు. ఆవిరి తన దారిని తాను పోయెడిది. నేటి స్నానాల గదిలో నాలుగు గోడలకును నున్నని టైల్సు అతికింతుము. అవి నీటిని పీల్చవు. గీజరు నీటినుండి లేచిన ఆవిరి అంతయు పైకెగసి, చలికాలపు వేకువను చల్లబడియున్న శ్లాబును తాకి, చినుకులై అచటనే నిలుచును. అందుచేత ఇంటిలో తక్కిన గదుల కప్పులకంటె దీనియందే ఎక్కువ శ్రద్ధ చూపవలసియున్నది.

సిమెంటు నీటితో గూడి గట్టిపడునపుడు దానినుండి సున్నపు క్షారము పుట్టును. లోపలి తడి పైకి వచ్చుచు ఆ క్షారమును వెంటగొనివచ్చును. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి తెల్లని పొడియై పేరుకొనును. అట్టి పచ్చి ప్లాస్టరుపై నూనె రంగు వేసినచో, నూనెయు క్షారమును కలిసి సబ్బుగా మాఱుటచే రంగు పట్టు విడిచి జిగటపడి ఊడిపోవును. ఎంత ఖరీదైన నూనె రంగైనను ఈ రసాయన ధర్మమును తప్పింపజాలదు.

కావున పని క్రమము తప్పరాదు. నున్నని శ్లాబు అడుగున ఉలితో గాట్లు పెట్టి, తడిపి, సుమారు 6 మిల్లీమీటర్ల మందమున పలుచగా ప్లాస్టరు వేయింపవలెను. మందమైనది తన బరువునకు తానే ఊడును. 7 దినములు తడుపుట ఎంత ముఖ్యమో, అటుపిమ్మట ఇంచుమించు 4 వారములు కిటికీలు తెఱచి ఆరనిచ్చుటయు అంత ముఖ్యము. మబ్బు దినములైన ఇంకను కొన్నాళ్ళు ఆగవలెను. ఆరినదో లేదో తెలిసికొనుటకు మూరెడు ప్లాస్టిక్ కాగితమును నాలుగంచులందును టేపుతో కప్పునకు అంటించి, ఒక దినము తరువాత తీసి చూడుడు: లోవైపున చెమట కనబడినచో ఇంకను వేళ కాలేదు. ఆరిన పిమ్మట ఉప్పును పొడి బ్రష్షుతోనే రాల్పవలెను. కడిగినచో కప్పునకు మరల తడి పట్టును. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తడికి మెత్తబడును గనుక ఇచట తగదు. తెల్ల సిమెంటు పుట్టీని పలుచగా పట్టించి, ఎమరీ కాగితముతో రుద్ది, క్షారమునకు ఓర్చు ప్రైమరు ఒక కోటింగు, స్నానాల గదులకు తగిన బూజు నిరోధక ఎమల్షను రెండు కోటింగులు, ఒకటి బాగుగా ఆరిన పిదపనే మఱియొకటి వేయింపవలెను.

పైయంతస్తున స్నానాల గది యున్నయెడల, అచట టైల్సు అతికింపకమునుపే నేలపై నీరు కట్టి కనీసము 24 గంటలు నిలిపి, క్రింది కప్పు చెమర్చునేమో పరీక్షింపవలెను. పైనుండి కారు నీటిని క్రింది రంగు ఆపలేదు. ఆవిరికి మాత్రము మార్గము చూపవలసినది మనమే: కప్పునకు దగ్గఱగా వెంటిలేటరు, దానియందు ఎగ్జాస్టు ఫ్యాను, తలుపు క్రింద రెండు వ్రేళ్ళ సందు. క్రొత్త గాలి లోనికి వచ్చిననే గదా లోని ఆవిరి వెలుపలికి పోవును! స్నానమైన పిదప పావుగంటసేపు ఫ్యాను తిరుగనిండు. బూజు పట్టెనేని బ్లీచింగ్ పొడి కలిపిన నీటితో తుడువవచ్చును. దానికి బాత్రూము యాసిడ్డును ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును.

ఇక ముహూర్తము మాటయేమి? మన తాతలు వాడిన వెల్లసున్నమే అందులకు ఉపాయము. సున్నము క్షారమునకు వెఱవదు, తడిని బంధింపదు. పలుచగా ఒక వరుస కొట్టించినచో పాలు పొంగించు దినమున కప్పు తెల్లగానే యుండును, లోపలి నెమ్ము తన దారిని పోవుచునే యుండును. వానలు వెనుదీసి, మాఘమాసపు ఎండలు కాసిన పిదప ఆ సున్నమును గీకివేసి నిశ్చింతగా రంగు వేయింపుడు. గృహప్రవేశమునకు పంచాంగమును చూచినట్లే, రంగునకు ఆ ప్లాస్టిక్ కాగితమును చూచిన ఇల్లాలికి మరుసటి వానకాలమున కప్పువంక తలయెత్తి దిగులుపడవలసిన పని యుండదు.