లైబ్రరీలో ఫంక్షన్ రాస్తే సరిపోదు, బయటికి సరిగ్గా ఇవ్వాలి

ఎపిసోడ్‌లో నేను చెప్పిన డిఎల్ఎల్ సంగతి వింటే సరిగ్గా ఎక్కలేదని కొందరన్నారు. అందుకే రాసి పెడుతున్నా.

సైట్‌లో నా కింద పనిచేసేవాళ్ళ ఓవర్‌టైమ్ లెక్క ఎక్సెల్‌లో నేనే వేస్తాను. యూఏఈ చట్టంలో ఓవర్‌టైమ్ గంటకు బేసిక్ మీద 25 శాతం ఎక్కువ. షిఫ్టుల వాళ్ళు కాకపోతే, రాత్రి 10 నుంచి తెల్లారి 4 మధ్య చేసిన గంటకు 50 శాతం ఎక్కువ. ఈ లెక్కను సి ప్లస్ ప్లస్‌లో ఫంక్షన్‌గా రాసి, డిఎల్ఎల్ చేసి ఎక్సెల్ నుంచి పిలిచాను. 453 ఎర్రర్ వచ్చింది. ఎంట్రీ పాయింట్ దొరకలేదట.

మన సైట్ స్టోర్ లాంటిదే ఇది. లోపల ఎన్ని సామాన్లున్నా కిటికీ దగ్గర లిస్టులో ఉన్నవే ఇస్తారు. ఫంక్షన్ ముందు 'డిఎల్ఎల్ఎక్స్‌పోర్ట్' అని రాస్తే అది లిస్టులోకి ఎక్కుతుంది. రాశాను. మళ్ళీ అదే ఎర్రర్! కంపైలర్ నా ఫంక్షన్ పేరుకు ఏవో గుర్తులు తగిలించి మార్చేసింది. 'ఎక్స్‌టర్న్ సి' చేర్చాక, నాది 64 బిట్ కాబట్టి, పేరు రాసింది రాసినట్టే వచ్చింది. లిస్టులో ఏ పేరుందో విజువల్ స్టూడియోతో వచ్చే డంప్‌బిన్‌తో చూసుకోవచ్చు.

అసలు తప్పు తర్వాత చేశాను. ఫంక్షన్‌లో పగటి గంటలు ముందు, రాత్రి గంటలు తర్వాత ఉండేవి. ఒకరోజు ఆ వరస తిప్పాను, షీట్ మార్చడం మరిచాను. ఈసారి ఏ ఎర్రరూ రాలేదు. పేరు దొరికింది, రెండూ అంకెలే, లెక్క వచ్చేసింది.

"అన్నా, నాకు ఏడున్నర దిర్హాములు తక్కువొచ్చినయ్" అని ఒక తమ్ముడు చీటీ పట్టుకొచ్చాడు. అతనికి గంటకు బేసిక్ 5 దిర్హాములు. పగలు 4, రాత్రి 10 గంటలు చేశాడు. రావాల్సింది 100, షీట్ చూపింది 92.50. తప్పు నాదేనని చెప్పి, అందరి లెక్కా మళ్ళీ వేశాను.

అప్పటినుంచి ఒకటే పద్ధతి. బయటికిచ్చిన ఫంక్షన్ వరస మార్చను. మార్పు కావాలంటే కొత్త పేరుతో ఇంకొకటి ఇస్తాను, పాతది అలాగే ఉంచుతాను. ఇచ్చేముందు ఒకరి లెక్క చేత్తో వేసి సరిచూస్తాను. ఎర్రర్ వస్తే ఆగుతాం, తప్పు లెక్క వస్తే మాత్రం ఒకరి జీతం పోతుంది.