కంప్యూటరుకు తోడు విద్యుత్తు

దీపం ఆరిపోతే మళ్లీ వెలుగుతుంది. పంకా ఆగిపోతే మళ్లీ తిరుగుతుంది. విద్యుత్తు తిరిగి రాగానే వాటి పని యథాప్రకారంగా సాగుతుంది. కంప్యూటరు స్వభావం అటువంటిది కాదు. దానిలో టైపు చేస్తున్న అక్షరాలు, వేస్తున్న లెక్కలు మొదట తాత్కాలిక స్మృతిలో నిలుస్తాయి. విద్యుత్తు ప్రవహిస్తున్నంత సేపే ఆ స్మృతికి ప్రాణం. సరఫరా తెగిన మరుక్షణం అందులో ఉన్నదంతా తుడుచుకుపోతుంది. డిస్కుపై సమాచారం వ్రాస్తున్న సమయంలోనే సరఫరా ఆగితే ఆ ఫైలుతో పాటు, ఒక్కొక్కప్పుడు కంప్యూటరును నడిపే మూలవ్యవస్థ కూడా దెబ్బతింటుంది.

ఇంజనీరింగు ప్రవేశాలకు వెబ్ ఆప్షన్లు ఇస్తున్న విద్యార్థి ఒకడు గడువు ముగిసే సాయంత్రం కళాశాలల పేర్లను ఒక్కొక్కటిగా వరుసలో పేర్చుకున్నాడనుకుందాం. పేర్చినదాన్ని ఇంకా భద్రపరచలేదు. గాలివాన మొదలై కరెంటు పోయింది. అతనికి ఆ క్షణంలో కావలసినది గంటల కొద్దీ వెలుగు కాదు. అయిదు నిమిషాల వ్యవధి. ఆ వ్యవధిని ఇచ్చే సాధనమే యు.పి.ఎస్. దాని ఎంపికలో జరిగే పొరపాట్లలో చాలా భాగం ఈ ప్రయోజనాన్ని మరచిపోవడం వల్లనే జరుగుతాయి.

యు.పి.ఎస్. నిర్మాణం సరళమైనది. అందులో ఒక బ్యాటరీ, దానిని నింపే ఛార్జరు, బ్యాటరీలోని ఏకముఖ విద్యుత్తును ఇంటి సరఫరా వంటి 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మార్చే ఇన్వర్టరు ఉంటాయి. ఇళ్లలో వాడే యు.పి.ఎస్.లలో ఎక్కువగా ఉండేది సీసం, గంధకామ్లాలతో పనిచేసే బ్యాటరీయే. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే రూపొందించిన సూత్రమే నేటికీ దానికి ఆధారం.

ఇంట్లో ఇన్వర్టరు ఉండగా మరొక సాధనం ఎందుకని చాలామంది అడుగుతారు. ప్రశ్న సమంజసమైనదే. భారతదేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో ప్రవహిస్తుంది; అంటే ఒక్కొక్క ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు. సరఫరా ఆగినా కంప్యూటరులోని పవర్ సప్లై తనలో నిలువ ఉన్న శక్తితో సుమారు 16 మిల్లీసెకన్ల పాటు నిలదొక్కుకోగలదు. యు.పి.ఎస్. సాధారణంగా 10 మిల్లీసెకన్లలోపే బ్యాటరీకి మారుతుంది కనుక కంప్యూటరుకు ఆ మార్పు తెలియనే తెలియదు. దీపాలకు, పంకాలకు ఉద్దేశించిన ఇన్వర్టరు ఇంతకంటె ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆ కొద్దిపాటి ఆలస్యానికే కంప్యూటరు ఆగిపోతుంది. అయితే అనేక ఇన్వర్టర్లకు వెనుక భాగంలో యు.పి.ఎస్. అని వ్రాసిన మీట ఒకటి ఉంటుంది. దానిని అటు తిప్పితే మార్పు త్వరగా జరుగుతుంది. కొత్త సాధనం కొనడానికి ముందు ఈ మీట ఉన్నదో లేదో చూడడం వివేకం.

కొనవలసి వచ్చినప్పుడు దుకాణంలో మొదట వినిపించే మాట 600 వి.ఎ. ఇది వోల్టులను ఆంపియర్లతో హెచ్చించగా వచ్చిన సంఖ్య, యు.పి.ఎస్. మోయగల అసలు భారాన్ని తెలిపేది వాట్ల సంఖ్య. 600 వి.ఎ. అని పెద్ద అక్షరాలతో ముద్రించిన పెట్టెపైనే ఒక మూల 360 వాట్లు అని చిన్నగా ఉండడం సర్వసాధారణం. చూడవలసినది ఆ చిన్న అక్షరాలనే. వ్రాతకోతలకు వాడే కంప్యూటరు, తెర కలిపి 100 నుండి 150 వాట్లు వాడుకుంటాయి. ఆటల కోసం ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డు అమర్చుకుంటే ఆ వాడకం 400 వాట్లు దాటవచ్చు. లేజర్ ప్రింటరును మాత్రం యు.పి.ఎస్.కు కలపరాదు. దానిలోని వేడిచేసే భాగం ఒక్కసారిగా అధిక విద్యుత్తును లాగి సాధనాన్ని నిలిపివేస్తుంది. ఇంటర్నెట్టు అందించే రూటరును తప్పక కలపాలి. అది ఆగిపోతే పైన చెప్పిన విద్యార్థికి కంప్యూటరు వెలుగుతున్నా ఫలితం ఉండదు.

ఇక కాలం సంగతి. చిన్న యు.పి.ఎస్.లలో తరచుగా 12 వోల్టుల, 7 ఆంపియర్ గంటల బ్యాటరీ ఒకటి ఉంటుంది. రెండింటినీ హెచ్చిస్తే 84 వాట్ గంటలు. 150 వాట్ల భారానికి ఇది అరగంటకు పైగా రావాలని లెక్క చెబుతుంది. వాస్తవంలో కొత్త బ్యాటరీ సైతం పావుగంటకు అటూ ఇటూగానే వస్తుంది. అమ్మకందారు మోసగించాడని కొందరు భావిస్తారు గాని కారణం అది కాదు. 7 ఆంపియర్ గంటలన్నది 20 గంటల పాటు నెమ్మదిగా వాడుకున్నప్పటి లెక్క. ఏటి ఇసుకలో తవ్విన చెలమ నుండి నీటిని మెల్లగా తోడితే ఊట ఊరుతూనే ఉంటుంది. బిందెలతో గబగబా తోడితే అడుగు కనిపిస్తుంది. బ్యాటరీ కూడా అంతే. 150 వాట్ల భారానికి అది 15 ఆంపియర్లకు పైగా ఇవ్వవలసి వస్తుంది. ఆ వేగానికి లోపలి రసాయన చర్య అందుకోలేదు. పైగా ఇన్వర్టరులో కొంత శక్తి వేడిగా వృథా అవుతుంది.

గంటల తరబడి పని సాగవలసిన వారికి పెద్ద బ్యాటరీ గల ఇన్వర్టరే తగినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు అనేక ప్రాంతాలకు రోజుల తరబడి విద్యుత్తు లేదు. అటువంటి విపత్తులో చిన్న యు.పి.ఎస్. చేయగల సాయమేమీ లేదు.

వోల్టేజి తరచుగా హెచ్చుతగ్గులయ్యే చోట లైన్ ఇంటరాక్టివ్ రకం మేలు. అది బ్యాటరీని ముట్టకుండానే వోల్టేజిని సరిచేస్తుంది. క్షణమాత్రమైనా మార్పు వ్యవధి లేని ఆన్‌లైన్ రకం ఖరీదైనది. ఇంటి కంప్యూటరుకు దాని అవసరం అరుదు. కొత్త తరహా పవర్ సప్లైలు కొన్ని, యు.పి.ఎస్. ఇచ్చే మెట్ల ఆకారపు తరంగానికి తట్టుకోలేక ఆగిపోతాయి. వాటికి సైన్ తరంగం ఇచ్చేది ఎంచుకోవాలి. ల్యాప్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉన్నది కనుక, అది చక్కగా పనిచేస్తున్నంత కాలం రూటరుకు మాత్రమే చిన్న బ్యాటరీ సాధనం కొనుక్కుంటే సరిపోతుంది.

బ్యాటరీకి ప్రధాన శత్రువు వేడి. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు దాని ఆయువు దాదాపు సగానికి తగ్గుతుంది. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వేసవిలో బీరువా వెనుక గాలి ఆడని మూలన పెట్టిన యు.పి.ఎస్. త్వరగా బలహీనపడడంలో ఆశ్చర్యం లేదు. మూడు, నాలుగు నెలలకొకసారి, ముఖ్యమైన పని ఏదీ లేని వేళ, గోడ స్విచ్చు ఆపి అది ఎన్ని నిమిషాలు నిలుస్తున్నదో గడియారంతో చూసి వ్రాసి పెట్టుకోవాలి. మొదట వచ్చిన నిమిషాలలో సగం కూడా రానప్పుడు బ్యాటరీని మార్చవలసిన సమయం వచ్చినట్లే. పాత బ్యాటరీలోని సీసం విషపదార్థం. దానిని చెత్తకుండీలో వేయక, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలను అనుసరించి అధీకృత సేకరణ కేంద్రానికి గాని, కొత్త బ్యాటరీ కొన్న దుకాణానికి గాని అప్పగించాలి. దుకాణదారు సాధారణంగా దానికి కొంత వెల కట్టి కొత్తదాని ధరలో తగ్గిస్తాడు.