నిప్పు తాకని రెక్కలు

సన్నని ఇనుపకడ్డీ వెంట మూరెడు రాకెట్టు ఒకటి సర్రున ఆకాశంలోకి దూసుకుపోతుంది. ఎక్కగలిగినంత ఎత్తు ఎక్కాక 'టప్' మని చిన్న శబ్దం, కాస్త పొగ. ఆ పొగలో నుంచి పలుచని రెక్కల విమానం వెలువడి, గద్దవలె వలయాలు తిరుగుతూ తీరికగా నేలకు దిగుతుంది. అన్నిసార్లూ ఇంత అందంగా జరగదు. ఒక్కొక్కప్పుడు రెక్క మాడి, వంకరపోయి, గింగిరాలు కొడుతూ గడ్డిలో కూలుతుంది. ఎన్నో రాత్రుల శ్రమ క్షణంలో బూడిదపాలు!

నమూనా రాకెట్ల వినోదానికి పుట్టినిల్లు అమెరికా. నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్ఫోక్ పట్టణంలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్, సోదరుడు రాబర్ట్ కోసం 1954లో కాగితపు గొట్టంలో మందు కూరి ఇటువంటి ఇంజనును రూపొందించాడు. రాకెట్టులా ఎక్కి గ్లైడరులా దిగే నమూనాలు 1960ల తొలినాళ్లలో వచ్చాయి. చిక్కు కూడా వాటితోనే వచ్చింది.

సర్వసాధారణమైన ఇంజను 18 మిల్లీమీటర్ల వ్యాసం, 70 మిల్లీమీటర్ల పొడవు గల గొట్టం. లోపలి మందు మన దీపావళి తారాజువ్వలోనిదే: సూరేకారం, గంధకం, బొగ్గు. మొదటి భాగం మండి రాకెట్టును పైకి నెడుతుంది. తరువాతి భాగం పొగ విడుస్తూ నెమ్మదిగా కాలుతుంది. గొట్టం మీద 'బి6-4' అని ఉంటే ఆ జాగు 4 సెకన్లన్నమాట. చిట్టచివర, పైకొసన ఉన్న వదులు మందు భగ్గున అంటుకొని ముందువైపుకు పేలుతుంది. మామూలు రాకెట్టులో ఆ పేలుడు పారాషూట్‌ను బయటికి నెడుతుంది. గ్లైడరుకైతే ఇంజను బరువు నుంచి విముక్తి ప్రసాదిస్తుంది. విడిపించే చేయే కాల్చే చేయి కూడా కావడమే ఇక్కడి విచిత్రం.

ఆ జ్వాల వేడి వెయ్యి డిగ్రీల సెల్సియస్‌ను మించుతుంది. తేలికదనం కోసం రెక్కలకు వాడే పాలిస్టైరీన్ నురుగు సుమారు వంద డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది. బాల్సా చెక్క అంచులు మాడతాయి. పలుచని కాగితం అతికి లక్క పూసిన రెక్క అంటుకోవచ్చు. అదృష్టవశాత్తు ఆ మంట ఆయుష్షు రెప్పపాటే. దానికోసం మందమైన కవచం తొడిగితే మంట నుంచి బయటపడిన గ్లైడరు బరువుతో కుంగిపోతుంది. కనుక అనుభవజ్ఞులు రెక్కను మంటకు అడ్డుపెట్టరు. మంటనే రెక్క నుంచి తప్పిస్తారు.

ఇందుకు కుదిరిన చక్కని ఉపాయం ఇంజనును ముక్కు దగ్గర ఒక విడి గొట్టంలో అమర్చి, దానిని చిన్న కొక్కెంతో గ్లైడరుకు తగిలించడం. పేలుడు ముందుకు చిమ్ముతుంది. ఆ ఎదురుతాకిడికి గొట్టం వెనక్కు జారి, కొక్కెం విడిపోయి, రిబ్బను తోకతో విడిగా నేలకు దిగుతుంది. రెక్కలు మంటకు వెనుకే ఉండిపోతాయి. కొక్కెం బిగుసుకుపోయినా, రిబ్బను తోకకు చుట్టుకున్నా రెండూ కలిసే కూలుతాయి. ఔత్సాహికులు ఈ అపజయానికి మొదటి ప్రపంచయుద్ధపు జర్మన్ వైమానికుడి బిరుదు తగిలించి, 'రెడ్ బారన్' అని ముద్దుగా పిలుచుకుంటారు.

ఇంజను వీడిపోని నమూనాలకు వేరే జాగ్రత్తలు కావాలి. వేడి వాయువు ఒరుసుకుపోయే చోట్ల పలుచని అల్యూమినియం పట్టీ అతికిస్తారు. గొట్టంలో పారాషూట్ లేదా రిబ్బను ఉంటే, దానికీ ఇంజనుకూ నడుమ మంట అంటని మందు పట్టించిన కాగితాన్ని వదులుగా ఉండలు చుట్టి మూడు నాలుగు ఉంచుతారు. మామూలు కాగితం పనికిరాదు. అది రాజుకొని, నిప్పుతోనే ఎండుగడ్డిలో పడుతుంది. అప్పుడు నష్టం గ్లైడరుతో ఆగదు.

ఈ వేడినే నౌకరుగా పెట్టుకున్నవారూ లేకపోలేదు. మడిచిన రెక్కలను నూలుదారంతో కట్టి, ఆ దారాన్ని ఇంజను పైకొసకు అడ్డంగా లాగుతారు. పేలుడుకు దారం కాలి తెగితే రబ్బరుపట్టీ రెక్కలను విప్పుతుంది. ఇటువంటి నమూనా కట్టేవాడు రెక్కలకు మంట తగలకుండానూ, దారానికి తప్పక తగిలేటట్టుగానూ చూసుకోవాలి. రెక్కల మీది శ్రద్ధలో దారాన్ని కూడా కాగితపు ఉండల చాటున దాచాడో, గ్లైడరు ఒక్క మచ్చయినా లేకుండా, రెక్కలు ముడుచుకొనే రాయిలా నేలకు వస్తుంది.