గట్టెక్కాకే అసలు పరుగు!

పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు. ఈ ఆటలో మాత్రం ఆ సామెత పనికిరాదు. ముందు పరుగెత్తాలి. ఆ ఊపులోనే నీళ్లలోకి దూకాలి. కాసిని నీళ్లు మింగినా సరే, ఈత ఆపకూడదు. గట్టెక్కి, తడి కాళ్లకు బూట్లు తొడుక్కుని మళ్లీ పరుగందుకోవాలి. ఈత ఒక్కటే వస్తే చాలదు, పరుగు ఒక్కటే వచ్చినా చాలదు. రెంటికీ మధ్య ఉన్న ఆ నాలుగడుగుల చోట తడబడనివాళ్లదే గెలుపు. అదే ఆక్వాథ్లాన్!

ఈత, సైక్లింగ్, పరుగు కలిసిన ట్రయాథ్లాన్ గురించి చాలామంది వినే ఉంటారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌తో అది విశ్వక్రీడల్లోకి వచ్చింది. 2006 దోహా పోటీలతో ఆసియా క్రీడల్లోనూ చేరింది. 2019లో నేపాల్‌లో జరిగిన దక్షిణాసియా క్రీడల్లో పురుషుల ట్రయాథ్లాన్ స్వర్ణం మన దేశానికే దక్కింది. అదే ఏడాది గోవాలో మొదలైన ‘ఐరన్‌మ్యాన్ 70.3’కి హైదరాబాద్ నుంచీ ఉద్యోగులూ, వ్యాపారులూ ఉత్సాహంగా వెళ్లారు. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు... వింటేనే ఆయాసం వస్తుంది కదూ!

మరి పిల్లల సంగతి? అక్కడే వస్తుంది చిక్కు. మంచి రేసింగ్ సైకిలు కొనాలంటే మోటార్‌సైకిల్ ధర కన్నా ఎక్కువే పెట్టాలి. దాన్ని తొక్కడానికి ఖాళీ రోడ్డూ కావాలి. ఎల్బీనగర్ చౌరస్తాలో, విజయవాడ రహదారి మీద లారీలూ బస్సుల మధ్య పిల్లాణ్ని సైకిల్ రేసు సాధనకు పంపడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది! ఆ సైకిలు తీసేస్తే మిగిలేదే ఆక్వాథ్లాన్. ఓ జత బూట్లు, ఈత దుస్తులు, టోపీ, కళ్లకు గాగుల్స్. సామాను అంతే. మధ్యతరగతి ఇంటికి అందుబాటులో ఉండే ఆట ఇది.

రెండున్నర... ఒకటి... రెండున్నర

పెద్దల విభాగంలో దీని లెక్క తేలికే. రెండున్నర కిలోమీటర్ల పరుగు, కిలోమీటరు ఈత, మళ్లీ రెండున్నర కిలోమీటర్ల పరుగు. నీళ్లు బాగా చల్లగా ఉంటే వరస మారుతుంది. ముందే కిలోమీటరు ఈదేసి, తర్వాత ఒకేసారి ఐదు కిలోమీటర్లు పరుగెత్తుతారు. చిన్నపిల్లలకు దూరాలు తగ్గిస్తారు. ఒలింపిక్స్‌లో దీనికి చోటు లేదుగానీ, 1998 నుంచీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరుగుతోంది. దీనికి దగ్గరి చుట్టం బయాథిల్. అందులోనూ పరుగు, ఈత, పరుగే. కాకపోతే ఈత దూరం బాగా తక్కువ.

స్వీడన్ వాళ్లది మరీ విడ్డూరం. 2002లో నలుగురు మిత్రులు ఓ పందెం వేసుకున్నారు. ఉటో అనే దీవి నుంచి సాండ్‌హామ్న్ దాకా దారిలోని దీవుల మీద పరుగెత్తుతూ, మధ్యలో సముద్రాన్ని ఈదుతూ వెళ్లాలి. ఇద్దరిద్దరు ఓ జట్టు. అక్కడికి చేరడానికి ఒక రోజుకు పైనే పట్టింది! 2006లో అదే పెద్ద పోటీగా మారింది. పేరు ‘ఓటిల్లో’, అంటే దీవి నుంచి దీవికి అని. నీళ్లలోకీ నేల మీదికీ పదేపదే మారాలి కాబట్టి బట్టలు మార్చుకునే తీరిక ఉండదు. బూట్లతోనే ఈదుతారు, ఈత దుస్తులతోనే పరుగెత్తుతారు.

తొలి పోటీలో ఏం జరుగుతుంది?

మన్సూరాబాద్‌లో ఇంటర్ చదివే ఓ కుర్రాడున్నాడనుకుందాం. కాలనీ రోడ్ల మీద పొద్దున్నే ఐదు కిలోమీటర్లు అలవోకగా పరుగెత్తేస్తాడు. వేసవి శిబిరంలో ఈత నేర్చుకున్నాడు. కొలనులో ఇరవై పొడవులు ఆగకుండా ఈదగలడు. రెండూ వచ్చు కదా అని పోటీకి పేరిచ్చాడు.

ఈల మోగింది. కుర్రాడు బాణంలా దూసుకెళ్లాడు. మొదటి పరుగులో ముందున్న నలుగురిలో ఒకడు. నీళ్లలోకి దూకాడు. అంతే, పాతిక మీటర్లకే గుండె గొంతులోకి వచ్చినట్లయింది. ఎందుకంటే నేల మీద ఎప్పుడు కావాలంటే అప్పుడు ఊపిరి తీసుకోవచ్చు. నీళ్లలో ముఖం పక్కకు తిప్పినప్పుడే ఆ అవకాశం. అప్పటిదాకా రొప్పుతూ వచ్చినవాడు ఒక్కసారిగా ఆ పద్ధతిలోకి రావాలి. అలవాటు లేనివాళ్లు కంగారులో ఊపిరి బిగబడతారు. లోపలి గాలి బయటికి పోదు. దాంతో ఛాతీ పట్టేసినట్లుంటుంది, భయం పుడుతుంది. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కుతో, నోటితో మెల్లగా గాలి వదలడమే దీనికి మందు. మొదటి పరుగులో కాస్త వేగం తగ్గించుకున్నవాళ్లు ఇక్కడే లాభపడతారు.

రెండో పరీక్ష దారి. కొలను అడుగున నల్లని గీత ఉంటుంది. దాన్ని చూస్తూ ఈదితే తిన్నగా వెళ్లొచ్చు. చెరువులోనో సముద్రంలోనో గీతలెక్కడివి? మొసలి కళ్లు మాత్రమే పైకి పెట్టి చూస్తుందే, అలా మధ్యమధ్య తల కొద్దిగా ఎత్తి దూరంగా ఉన్న బోయాను చూసుకోవాలి. చుట్టూ మోచేతులు తగులుతుంటాయి, కాళ్లు తంతుంటాయి. కోపం తెచ్చుకుంటే లాభం లేదు. ముందున్నవాడి వెనకే ఈదితే నీటి ఒత్తిడి తగ్గి శ్రమ కలిసొస్తుంది.

మూడోదే అసలు పరీక్ష. గట్టెక్కగానే కళ్లు తిరుగుతాయి! అప్పటిదాకా శరీరం బోర్లా ఉంది. పనంతా చేతులూ భుజాలదే. ఒక్కసారిగా నిటారుగా లేచేసరికి రక్తం కాళ్లలోకి దిగుతుంది. రక్తపోటు కాసేపు తడబడుతుంది. కాళ్లు తనవి కానట్లుంటాయి. అనుభవం ఉన్నవాళ్లు అందుకే చివరి యాభై, వంద మీటర్లలో కాళ్లు గట్టిగా ఆడిస్తారు. ‘ఇక మీ వంతు’ అని కాళ్లకు ముందే కబురు పెట్టడం అన్నమాట.

ఆ తర్వాత బూట్లు. తడి పాదం లోపలికి దిగదు, లేసు ముడి పడదు. గడియారం మాత్రం ఆగదు. బూట్లు తొడిగే సమయమూ పోటీ సమయమే. కిలోమీటరు నాలుగు నిమిషాల్లో పరుగెత్తేవాడు లేసుల దగ్గర అర నిమిషం పోగొట్టుకుంటే, 125 మీటర్లు వెనకబడినట్లే. సాగే లేసులు వేసుకోవడం, బూట్లలో కాస్త టాల్కం పౌడరు చల్లుకోవడం... ఇంత చిన్న జాగ్రత్త చాలు ఆ దూరాన్ని దక్కించుకోవడానికి.

మన కుర్రాడు నాలుగో స్థానంలో దూకి ఇరవయ్యో స్థానంలో ముగించాడంటే అతనికి ఈత రాకా కాదు, పరుగు రాకా కాదు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం రాక!

లెక్కలు వదలని అమ్మాయి

‘ఆటల్లో పడితే చదువేం కాను?’ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల నీడలో పెరిగే పిల్లల ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న ఇదే. దీనికి అమెరికా అమ్మాయి గ్వెన్ జోర్గెన్‌సెన్ కథ మంచి జవాబు.

విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టిన గ్వెన్‌కు చిన్నప్పటి నుంచీ ఈతంటే ప్రాణం. విశ్వవిద్యాలయ ఈత జట్టులో చేరింది కానీ అందరిలో ఒకతెగానే మిగిలింది. చదువు పూర్తవుతుందనగా పరుగు వైపు మళ్లి అందులో రాణించింది. అయినా చదువు వదల్లేదు. అకౌంటింగ్‌లో మాస్టర్స్ చేసి, ఎర్నెస్ట్ అండ్ యంగ్‌లో పన్నుల లెక్కలు చూసే ఉద్యోగంలో చేరింది. ఈతా పరుగూ రెండూ తెలిసిన విద్యార్థుల కోసం వెతుకుతున్న అమెరికా ట్రయాథ్లాన్ సంఘం ఆమెను రమ్మంది. సైకిలు పోటీలంటే ఏమిటో తెలియని అమ్మాయి 2010లో సందేహిస్తూనే మొదలుపెట్టింది. రెండేళ్లకే లండన్ ఒలింపిక్స్‌లో ఉంది. అక్కడ సైకిలు టైరు పంక్చరై 38వ స్థానంతో సరిపెట్టుకుంది. మరో నాలుగేళ్లకు, 2016లో రియోలో స్వర్ణం గెలిచింది. ట్రయాథ్లాన్‌లో అమెరికాకు అదే తొలి ఒలింపిక్ స్వర్ణం!

ఈతలో మామూలు, సైకిలు మీద కొత్త. అయినా చిన్నప్పుడు పడిన ఈత పునాది, తర్వాత పట్టుబడిన పరుగు కలిసి ఆమెను అక్కడిదాకా తీసుకెళ్లాయి. ఒక్క ఆటలో ముందువరసకు రాలేని పిల్లలకు రెండాటల కలయిక కొత్త తలుపు తెరుస్తుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

నీళ్లతో చెలగాటం వద్దు

ఈ ఆటలో పరుగుకు రోడ్డు చాలు. ఈతకు మాత్రం సరైన నీళ్లు కావాలి. ‘పక్కనే చెరువుంది కదా, అందులో దూకితే పోలా’ అనుకుంటే అంతకన్నా ప్రమాదం లేదు. వేసవి సెలవుల్లో చెరువుల్లో, క్వారీ గుంతల్లో మునిగి పిల్లలు పోయారన్న వార్త ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం. 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు మూడు లక్షలమంది నీట మునిగి చనిపోయారనీ, వాళ్లలో దాదాపు సగంమంది ముప్ఫై ఏళ్లలోపు వాళ్లేననీ ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క.

ఈత వచ్చినవాళ్లకూ జాగ్రత్త తప్పదు. అమెరికాలో 1985 నుంచి 2016 దాకా జరిగిన ట్రయాథ్లాన్లను పరిశోధకులు పరిశీలించారు. మరణాలూ, గుండె ఆగిపోయిన ఘటనలూ కలిపి 135 నమోదైతే, అందులో 90 ఈత భాగంలోనే జరిగాయి. లక్షలమంది పాల్గొన్న పోటీల్లో ఈ సంఖ్య చిన్నదే. కానీ పరుగులో ఆయాసం వస్తే ఆగి నిలబడొచ్చు, నీళ్లలో నిలబడలేం. అందుకే కుటుంబంలో గుండెజబ్బులున్నవాళ్లు పోటీకి ముందు వైద్యుణ్ని కలవడం మంచిది.

మురుగు సంగతి మరొకటి. సరూర్‌నగర్ చెరువునో, నాగోలు దగ్గర మూసీనో చూసినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. పారిస్ కూడా దీనికి అతీతం కాదు. 1923 నుంచీ ఈత నిషేధించిన సెన్ నదిని శుభ్రం చేయడానికి దాదాపు 140 కోట్ల యూరోలు ఖర్చుపెట్టారు. అయినా 2024 ఒలింపిక్స్‌లో జూలై 30న జరగాల్సిన పురుషుల ట్రయాథ్లాన్‌ను నీళ్లు బాగోలేవని మర్నాటికి వాయిదా వేశారు. అంత పెద్ద పోటీనే ఆపారంటే, మన పిల్లలు నీళ్లను చూసి ‘ఇవాళ వద్దు’ అనడం పిరికితనమేమీ కాదు. ఇంతకీ ఆ మర్నాటి పోటీలో చివరి కొన్ని వందల మీటర్లలో ముందున్నవాణ్ని దాటేసి బ్రిటన్‌కు చెందిన అలెక్స్ యీ స్వర్ణం అందుకున్నాడు. గంటా నలభై నిమిషాలకు పైగా సాగిన పోటీలో తేడా ఆరు సెకన్లే!

మొదలెట్టేదెలా?

ముందు కొలను. కాపలా ఉండే లైఫ్‌గార్డ్, లోతు రాసిన గుర్తులు, నీళ్లు మార్చే ఏర్పాటు ఉన్నదే ఎంచుకోవాలి. నగరంలో 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల నాటి గచ్చిబౌలి కొలను పెద్దదే కానీ, మన్సూరాబాద్ నుంచి అది ఊరికి ఆ చివర. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగినా ప్రయాణం మిగిలే ఉంటుంది. రోజూ కుదరదు. దగ్గర్లోని చిన్న కొలనులో వారానికి మూడుసార్లు ఈత, మూడుసార్లు పరుగు, ఒకరోజు పూర్తి విశ్రాంతి. కొత్తవాళ్లకు అది చాలు.

నెలా రెండు నెలల తర్వాత వారానికి ఒకరోజు రెండూ కలపాలి. ఈది, వెంటనే బూట్లేసుకుని పది నిమిషాలు పరుగెత్తాలి. దీన్ని ‘బ్రిక్’ సాధన అంటారు. అంటే ఇటుక. మొదట్లో కాళ్లు నిజంగానే ఇటుకల్లా ఉంటాయి! పోటీకి రెండు గంటల ముందు ఇడ్లీ, అరటిపండు లాంటి తేలికైన ఆహారం మేలు. కొత్త బూట్లు, కొత్త గాగుల్స్ పోటీ రోజున మొదటిసారి వాడకూడదు.

బయటి నీళ్లలోకి మాత్రం పడవలూ, కాపలా ఉన్న పోటీల్లోనే దిగాలి. విజయవాడలో ఆక్వా డెవిల్స్ సంస్థ కృష్ణానదిని ఈది దాటే పోటీలు నిర్వహిస్తూ వచ్చింది. ఇక నేర్చుకోవడానికి వయసు మించిపోయిందని దిగులక్కర్లేదు. హైదరాబాద్ వాసి గోలి శ్యామల నలభై దాటాకే ఈత నేర్చుకుని, 2021 మార్చిలో శ్రీలంక తీరం నుంచి ధనుష్కోటి దాకా సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని పద్నాలుగు గంటల్లోపే ఈదారు.

చివరగా, తువ్వాలు పట్టుకుని గట్టు మీద కూర్చునే అమ్మానాన్నలకో మాట. పిల్లల ఈత సమయం, పరుగు సమయం రాసుకోవడంతో ఆగకండి. నీళ్లలోంచి లేచిన క్షణం నుంచి బూట్లతో మొదటి అడుగు వేసేదాకా ఎంత పట్టిందో అదీ రాయండి. అన్నింటికన్నా ముందు తగ్గేది ఆ సంఖ్యే. అది తగ్గుతున్నకొద్దీ పిల్లల ముఖంలో ధైర్యం పెరగడం మీకే కనిపిస్తుంది.